మూడు దెబ్బలు, ఒక బీడీ

ఎల్బీ నగర్ చౌరస్తాలో మెట్రో స్తంభాల కింద తెల్లారేసరికి కూలీల అడ్డా నిండుతుంది. తాపీ పనివాళ్ళు ఒక పక్క, రంగులేసేవాళ్ళు ఒక పక్క, గోడలు పగలగొట్టేవాళ్ళు ఇంకో పక్క. చెట్లు కొట్టేవాళ్ళు మాత్రం ఇప్పుడు నలుగురే. ఆ నలుగురిలో గొడ్డలికి గోనెపట్టా చుట్టుకుని, చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని, ఎవరి ముచ్చట్లలోనూ కలవకుండా కూర్చునేవాడు జంగయ్య. పుట్టింది యాచారం అవతల పల్లె. ఏడో తరగతి దాకా చదివాడు. అరవై దాటినా అతను చెట్టెక్కితే దిగేదాకా ఆయాసం కింద చూసేవాళ్ళకే.

మాట తక్కువ మనిషి. మనుషుల ముందు కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. చెట్టు ముందు నిలబడితే మాత్రం తెలియంది లేదు. ఏ కొమ్మ నీళ్ళు చాలక ఎండిందో, ఏ కొమ్మ పురుగు తిని ఎండిందో, చీమల బారు దూరే పగులు వెనక ఎంత డొల్ల ఉందో నిలబడ్డ చోటు నుంచే చెప్పేవాడు. నమ్మనివాళ్ళుంటే మొదలుకు చెవి ఆనించి, వేలి కణుపుతో తట్టి, వాళ్ళనూ వినమనేవాడు.

అతనికొక పద్ధతి ఉంది, నాయిన దగ్గర నేర్చింది. చెట్టు మీద మొదటి వేటు వేసే ముందు గొడ్డలి తిరగేసి, వెనకవైపుతో మొదలు మీద మూడు దెబ్బలు కొట్టాలి. కొట్టి, పక్కన కూర్చుని ఒక బీడీ తాగాలి. ఉడుత కానీ చిలుక కానీ పాము కానీ, ఆ చెట్టులో ఉన్నది ఏదైనా బీడీ అయిపోయేలోగా దారి చూసుకోవాలి. కదల్లేనివి ఉన్నాయని తెలిస్తే ఆ రోజుకు గొడ్డలికి మళ్ళీ గోనె చుట్టేయాలి. ఇంకొకటి కూడా ఉంది. పనిలో గూడు కంటబడితే పక్కవాడికి వేలెత్తి చూపించకూడదు. ఎందుకని జంగయ్య అడగలేదు, నాయిన చెప్పనూ లేదు.

మొదటిది అతను ఎన్నడూ తప్పలేదు. రెండోది ఒక్కసారి తప్పాడు.

తప్పింది కృష్ణకుమారి టీచరమ్మ దగ్గర. ఆమెది భీమవరం వైపు. చైతన్యపురిలో ఒక స్కూల్లో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పి రిటైరయింది. ఎల్బీ నగర్ వెనక కాలనీలో రెండో అంతస్తు ఫ్లాటు. రెండేళ్ళ కింద కిటికీకి అడ్డం వస్తున్న కానుగ కొమ్మలు కొట్టించడానికి అడ్డా నుంచి జంగయ్యను పిలిపించింది. అతను అన్నీ కొట్టి ఒక కొమ్మ వదిలేశాడు. ఎందుకు వదిలావని అడిగితే, "పిగిలిపిట్ట గుడ్లు పెట్టిందమ్మ. నెల దినాలైనంక వచ్చి కొడ్త" అన్నాడు. ఆమె కిటికీ రెక్క మెల్లగా దగ్గరికి వేసి, "జంగయ్య గారూ, కాఫీ తాగుతారా?" అంది.

అంత వయసొచ్చినా ఆ పేరుకు ‘గారు’ తగిలించినవాళ్ళు లేరు. ఇంటికి పోయి పెళ్ళాం కిష్టమ్మకు చెప్పాడు.

"ఎవలను, నిన్నా?" అంది కిష్టమ్మ. "నీ ఎనక ఇంకెవలన్న నిలవడ్డరేమొ తిరిగి చూసినవా?"

అప్పటి నుంచి అడ్డాలో పని దొరకని రోజు అతని కాళ్ళు టీచరమ్మ ఇంటికే పోయేవి. ఆమె పొద్దున ఏడింటికి బాల్కనీలో కుర్చీ వేసుకుని, దుర్బిణి మెడలో వేసుకుని కూర్చునేది. ఒళ్ళో పొడుగాటి నోటుబుక్కు. తేదీ వేసి, ఆ రోజు ఏ పిట్ట ఏ కొమ్మ మీద ఏం చేసిందో రాసేది. ఒక్క రోజు కూడా తప్పేది కాదు. జంగయ్య ఏదైనా చెప్తే అదీ రాసి, కింద ‘చూసినవారు: జంగయ్య గారు’ అని పెట్టేది. ఆ అక్షరాలు అతను తలకిందులుగా కూడా చదవగలిగేవాడు.

ఆ బాల్కనీకి పక్కనే కాలనీ సంఘం ఖాళీ జాగా ఉంది. అందులో ఒకటే చెట్టు, ముసలి దిరిసెన. కాలనీ రాకముందు అదంతా రామచంద్రం వాళ్ళ జొన్నచేను, ఆ చెట్టు చేని గట్టు మీది చెట్టు. ఇప్పుడు రామచంద్రం ప్లాట్ల వ్యాపారంలో ఉన్నాడు, కాలనీ సంఘానికి ప్రెసిడెంటు కూడా. దిరిసెన తల సగం ఎండిపోయింది. ఎండుకాయలు గాలికి గలగలమంటుంటాయి. దాని పెద్ద ఎండుకొమ్మ ఒకటి టీచరమ్మ బాల్కనీ మీదికి వాలి ఉంటుంది.

ఈ ఏడు మాఘం చివర జంగయ్య ఆ చెట్టు కింద తెల్లటి చెక్కపొట్టు చూశాడు. కొత్త పొట్టు. తలెత్తితే రెండు నిలువుల ఎత్తున, మొదలు కాస్త వంగిన చోట, అడుగువైపు గుండ్రటి తొర్ర. వాన నీళ్ళు లోపలికి కారకుండా అడుగువైపే ఎంచుకుంది. టీగ్లాసు మూతి పట్టేంత. అంచులు ఉలితో చెక్కినట్టు నున్నగా ఉన్నాయి. జంగయ్య రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు టీచరమ్మ కాఫీ ఇస్తూ, "వడ్రంగి పిట్ట అరుపు రోజూ వినపడుతోందండీ. గూడెక్కడో దొరకడం లేదు. ఇన్నేళ్ళు పిల్లలకి పాఠం చెప్పాను కానీ, గూడు ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు" అంది.

జంగయ్య గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. కాఫీ మీద మీగడ కట్టింది. తరవాత చెయ్యెత్తి వేలు చూపించాడు.

ఆమె దుర్బిణి కళ్ళకు పెట్టుకుంది. అప్పుడే మగపిట్ట వచ్చింది. గాలిలో లేస్తూ పడుతూ వచ్చి మొదలును పట్టుకుంది. వీపు పసుపు కొమ్ము రంగు, నెత్తిన ఎర్రటి జుట్టు. తోకను ఊతకర్రలా చెట్టుకు ఆనించి, మెట్లెక్కినట్టు పైకి జరిగి తొర్రలో తల దూర్చింది. టీచరమ్మ మోచేతులు గ్రిల్‌కు ఆనించింది. దుర్బిణి దించేసరికి ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"అంత గట్టి కొయ్యని అంత చిన్న ముక్కుతో ఎలా తొలుస్తుందండీ?"

"గట్టి కట్టెను అది ముట్టదమ్మ" అన్నాడు జంగయ్య. ఆ రోజు మాట్లాడినంత అతను ఎన్నడూ మాట్లాడలేదు. "ముందుగాల టకటక కొట్టి ఇంటది, నేను చూస్త గదా గట్లనే. పైన బెత్తెడు గట్టిగుండాలె, లోపల మెత్తవడి ఉండాలె. గసుంటి చెట్టు దొరికితెనే ఇల్లు కట్టుకుంటది. ఇప్పుడు యాడున్నయమ్మ గసుంటియి? ఎండిన కొమ్మ కనవడంగనే మాకు ఫోన్ కొడ్తరు. పచ్చటి చెట్లు ఎన్నున్నా దీనికి అక్కెరకు రావు. ఇది ఇడిసిపెట్టి పోయిన తొర్రలనే చిలుకలు గానీ గోరింకలు గానీ చేరేది. గీ ఎండు చెట్టొక్కటి పోతె నాలుగు తీర్ల పిట్టలు పోతయి."

టీచరమ్మ ప్రతి మాటా రాసుకుంది.

చైత్రం వచ్చేసరికి పిల్లలయ్యాయి. తల్లీ తండ్రీ వంతులవారీగా చీమలూ పురుగులూ తెస్తున్నాయి. ఆమె దుర్బిణి చేతికిచ్చినా జంగయ్యకు అంతా మసకగానే కనిపించేది.

"మీకు శుక్లాలు వచ్చినట్టున్నాయండీ. ఈ కళ్ళతో చెట్లెక్కుతున్నారా?" అంది టీచరమ్మ. మర్నాడే తనే వెంటబెట్టుకుని మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ కంటి దవాఖానకు తీసుకుపోయింది.

అక్కడ కళ్ళలో చుక్కలు వేసి గంటసేపు కూర్చోమన్నారు. కాసేపటికి గోడ మీది అక్షరాలు అలుక్కుపోయాయి. పక్కనున్న టీచరమ్మ మొహం కూడా సున్నపు నీళ్ళలో చూసినట్టయింది. ఆమె సంచిలోంచి కాగితం తీసిన చప్పుడు వినపడింది.

"వడ్రంగి పిట్ట గురించి మీరు చెప్పిందంతా టైపు చేయించాను జంగయ్య గారూ. మీ సంతకం పెడితే మీ పేరు మీద ఉంటుంది."

"జర చదువుండ్రి."

ఆమె చదివింది. పిట్ట కొట్టి వినడం, పైన గట్టి లోపల మెత్త, అన్నీ అతని మాటలే, పుస్తకం భాషలో. "నలభై ఏళ్ళుగా చెట్లు కొట్టిన అనుభవంతో, వడ్రంగి పిట్ట తొలిచిన ఈ దిరిసెన చెట్టు లోపల డొల్ల అని చెప్పగలను..." అక్కడ గొంతు ఆగింది.

"గంతేనా?"

"అంతేనండీ."

ఆమె అతని చేతిలో పెన్ను పెట్టి, వేలు పట్టుకుని కాగితం మీద చోటు చూపించింది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. దవాఖానలో ఏసీ అనుకున్నాడు జంగయ్య. సంతకం పెట్టాడు. తన పేరు టైపులో ఉండడం అదే మొదటిసారి.

ఆపరేషన్ రెండు నెలలాగి చేద్దామన్నారు. అప్పటిదాకా చదవడానికి అద్దాలిచ్చారు.

ఆ తరవాత యాచారంలో మామిడితోట పని దొరికి జంగయ్య ఎనిమిది రోజులు అక్కడే ఉండిపోయాడు. తిరిగొచ్చి అడ్డాలో కూర్చున్న పొద్దునే రామచంద్రం కారు వచ్చి ముందు ఆగింది.

"ఏందిర జంగయ్య, కానొస్తలేవు. నడువు, దిరిసెన చెట్టు తీసెయ్యాలె. పర్మిషన్ వచ్చింది, క్రేన్ గూడ వచ్చింది."

"పిల్లలున్నయి పటేలా దాంట్ల."

"ఎగిరిపోయినయట. టీచరమ్మనే చెప్పింది. రోజు చూసి బుక్కుల రాసుకునేది ఆమెనే గద, నువ్వా?"

జంగయ్య మనసులో రోజులు లెక్కవేశాడు. తను పోయేనాటికి పిల్లల గొంతు ఇంకా సన్నంగానే ఉంది. ఎగరడానికి ఇంకా పది రోజులన్నా పట్టాలి. కానీ తనవి మసక కళ్ళు. ఆమెది దుర్బిణి, తేదీలేసిన బుక్కు. ఆమె చెప్పిందంటే అయ్యే ఉంటుంది. చెట్లు కొట్టడమే తన పని. మోకు, చేతి రంపం తీసుకుని కారెక్కాడు.

క్రేన్ అప్పటికే జాగాలో నిలబడి ఉంది. జంగయ్య గొడ్డలి గోనె విప్పి, తిరగేసి, మొదలు మీద మూడు దెబ్బలు కొట్టాడు. కూర్చుని బీడీ ముట్టించాడు.

"ముహూర్తం చూస్తున్నవా?" అన్నాడు రామచంద్రం. క్రేన్ డ్రైవరు నవ్వాడు.

ఏ పిట్టా బయటికి రాలేదు. బీడీ సగమయ్యాక జంగయ్య లేచి, ఎందుకో చెవి మొదలుకు ఆనించాడు. వేలి కణుపుతో మెల్లగా తట్టాడు. లోపల నుంచి, కుండలో నీళ్ళు మరిగేటప్పుడు వచ్చే సన్నటి చప్పుడు వచ్చింది. తట్టడం ఆపితే ఆగింది. మళ్ళీ తడితే మళ్ళీ వచ్చింది. అమ్మ వచ్చి చెట్టు మీద వాలిందనుకుని పిల్లలు నోళ్ళు తెరిచి అడుగుతున్నాయి.

జంగయ్య బీడీ నేల మీద నలిపాడు. గొడ్డలికి గోనె చుట్టడం మొదలుపెట్టాడు.

"పిల్లలున్నయి. ఇయ్యాల గాదు."

"ఏమ్మాట్లాడ్తున్నవ్ర? పర్మిషన్ తారీకు ఇయ్యాల్టితోని ఒడుస్తది. అయినా చెట్టు పుచ్చిపోయింది, పీకెయ్యుండ్రి అని రాసిచ్చిందే నువ్వు. ఇప్పుడు కథలు వడ్తున్నవా?"

"నేనెప్పుడు రాసిన?"

రామచంద్రం కారులోంచి ఫైలు తెచ్చి కాగితం అతని మొహం ముందు పెట్టాడు. జంగయ్య జేబులోంచి కొత్త అద్దాలు తీసి పెట్టుకున్నాడు. పెదాలు కదుపుతూ చదివాడు. వడ్రంగి పిట్ట ఉంది. పైన గట్టి, లోపల మెత్త ఉంది. నలభై ఏళ్ళ అనుభవం ఉంది. ఆమె గొంతు ఆగిన చోటు తరవాత ఇంకో రెండు వరుసలున్నాయి. ‘కావున ఈ చెట్టు ఏ క్షణమైనా కూలే ప్రమాదమున్నది. పూర్తిగా తొలగించవలెనని నా అభిప్రాయము.’ దాని కింద, గీత మీద నిలవకుండా కిందికి జారిపోయిన సంతకం. తనదే. చుక్కలు పడ్డ కళ్ళతో పెట్టింది.

అతను తలెత్తాడు. బాల్కనీలో టీచరమ్మ నిలబడి ఉంది. అతను పిలవలేదు. ఆమే మెట్లు దిగి వచ్చింది. నోటుబుక్కు చంకలోనే ఉంది, దుర్బిణి మెడలోనే ఉంది.

"జంగయ్య గారూ..."

"ఇయ్యాల పొద్దుగాల ఏం రాసిన్రు టీచరమ్మా?"

ఆమె చెయ్యి చంకలోని బుక్కు మీదికి పోయింది.

"ఏడింటికి రాస్తరు గదా. గా పేజీ చూపెట్టుండ్రి. చదువుడొస్తది నాకు."

ఆమె బుక్కును గుండెకు హత్తుకుంది. ఆ పేజీలో ఏముందో జంగయ్యకు అప్పుడు తెలిసిపోయింది. ఆమె అబద్ధం నోటితో చెప్పగలిగింది గాని బుక్కులో రాయలేకపోయింది.

"పోయిన వేసవిలో గాలిదుమారం వచ్చినప్పుడు మీరు ఊళ్ళో లేరు" అంది టీచరమ్మ. "చిన్న కొమ్మ ఒకటి విరిగి నా గ్రిల్ మీద పడిందండీ. అప్పటి నుంచి గాలి వీస్తే చాలు, లోపలి గదిలోకి పోయి కూర్చుంటాను. ఆ పెద్ద కొమ్మ పడితే నేనుండను. సంఘం వాళ్ళని ఎన్నిసార్లు అడిగానో. తీస్తే చెట్టంతా తీస్తాం, దానికి పర్మిషన్ కావాలి, చెట్ల సంగతి తెలిసినవాళ్ళ చేత రాయించుకు రమ్మన్నారు. పిల్లలు ఎగిరాకే కొట్టమన్నాను. ఈ తారీకు పడుతుందని నాకేం తెలుసు?"

"నాకు చెప్తె అయిపోతుండె గదమ్మ" అన్నాడు జంగయ్య. గొంతు పెంచలేదు. "భయమైతుంది జంగయ్యా, గా కొమ్మ తియ్యి అంటె ఒక్క పూటల తీస్తుంటి. ఎవ్వరి సంతకం అక్కెర లేకుండె."

ఆమెకు ఆ సంగతి ఇప్పుడే తట్టినట్టుంది. తలెత్తి ఆ ఎండుకొమ్మ వైపు చూసింది. ఇన్ని రోజులు అతని కాఫీ గ్లాసు పక్కనే కూర్చుని, ఆ ఒక్క మాట అడగాలని ఆమెకు తోచలేదు. సంతకం అడగాలని తోచింది.

జంగయ్య గొడ్డలిని గోనెలోనే వదిలేశాడు. చేతి రంపం నడుముకు కట్టుకుని మోకు వేశాడు.

"గట్ల రా దారికి" అన్నాడు రామచంద్రం.

అతను తొర్రను దాటి పైకెక్కాడు. తొర్ర పక్క నుంచి పోయేటప్పుడు చెయ్యి చెట్టుకు తగలనియ్యలేదు, మోకు మీదే బరువంతా వేశాడు. వేటు పడితే లోపల పిల్లలు అదురుతాయి. అందుకని రంపంతోనే, మెల్లగా, ముందు బాల్కనీ మీది ఎండుకొమ్మను కోశాడు. క్రేన్ గొలుసు దాన్ని పట్టి దించింది. తరవాత ఇంకోటి. ఇంకోటి. తల్లిపిట్ట ఎదుటి అపార్ట్‌మెంట్ నీళ్ళ ట్యాంకు మీద కూర్చుని నవ్వినట్టుండే ఆ అరుపు అరుస్తూనే ఉంది. మధ్యాహ్నం దాటేసరికి దిరిసెనకు తల లేదు. తొర్రకు పైన ఒక చేయి పొడవు వదిలి అక్కడ ఆపేశాడు. కిందికి దిగి రంపం తుడుచుకున్నాడు.

"మొద్దు గూడ కొట్టు" అన్నాడు రామచంద్రం.

"ప్రమాదమని గదా కాయితం. ప్రమాదం కిందికి దించిన. గీ మొద్దు పదేండ్లన్నా కూలది." జంగయ్య ఫైలు అడిగి తీసుకుని, కాగితం తిరగేసి, అద్దాలు పెట్టుకుని తన చేత్తో రాశాడు. ‘కొమ్మలు తీసిన. మొద్దు గట్టిగున్నది. పిల్లలున్నయి.’ కింద సంతకం పెట్టాడు. ఈసారి అక్షరాలు కిందికి జారలేదు.

"మస్తు చదువుకున్నోనివైనవ్ర" అన్నాడు రామచంద్రం. ఒకప్పటి తన చేని చెట్టుకు ఒక కూలివాడు కాగితం రాసివ్వడం అతనికి మింగుడు పడలేదు. కానీ కింద సంతకమున్న కాగితాన్ని నలుగురి ముందు చించడమూ కుదరలేదు. క్రేన్ వాడు అద్దె గంటలైపోయాయని బండి తిప్పుకుంటున్నాడు. "మల్ల తారీకు తీసుకుంట. నువ్వు లేకుంటె మిషన్ లేదా?" అని కారెక్కాడు.

జంగయ్య పోలేదు. ఎండలో కొమ్మల కుప్ప పక్కన కూర్చుని బీడీ వెలిగించాడు. పిట్ట రెండుసార్లు వచ్చి, చెట్టు తల ఉండాల్సిన చోట గాలిలో తచ్చాడి తిరిగిపోయింది. వాలడానికి అలవాటైన కొమ్మ లేదు. అది రాకపోతే లోపల ఉన్నవాటికి రేపు లేదు. నాలుగో బీడీ మీద అది మళ్ళీ వచ్చి, ఈసారి నేరుగా మొద్దును పట్టుకుంది. అటూ ఇటూ చూసింది. మెట్లెక్కినట్టు జరిగి తల తొర్రలో పెట్టింది.

అతను లేచి మోకు చుట్టుకున్నాడు. గేటు దగ్గర టీచరమ్మ ఇంకా నిలబడే ఉంది.

"జంగయ్య గారూ, పైకొచ్చి కాస్త మంచినీళ్ళు..."

"జంగయ్య అనుండ్రి, చాలు" అని రోడ్డెక్కాడు.

పిల్లలు ఎగిరిన సంగతి కిష్టమ్మ చెప్పింది. ఆమె ఆ పక్క వీధిలోనే ఊడుస్తుంది. మూడూ ఎగిరాయట. ఆ తరవాత వారంలోనే మిషన్ వచ్చి మొద్దును నేలమట్టం చేసిందట. టీచరమ్మ ఒక ఫొటో ఇచ్చి పంపింది. తొర్రలోంచి తల బయట పెట్టిన పిల్లపిట్ట. వెనక ‘చూసినవారు: జంగయ్య గారు’ అని రాసి ఉంది.

"గారు గూడ రాసింది" అంది కిష్టమ్మ. ఈసారి నవ్వలేదు. మొగుడు మొహం చూసి ఫొటోను డబ్బాలో బియ్యం కింద పెట్టేసింది.

ఆపరేషన్‌కు కిష్టమ్మను తోడు తీసుకుని అదే దిల్‌సుఖ్‌నగర్ దవాఖానకు పోయాడు. చుక్కలు వేసినంతసేపూ ఎవరు ఏ కాగితమిచ్చినా చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు. "నా పెండ్లాం చదువుతది" అన్నాడు. కిష్టమ్మకు చదువు రాదు. ఆమె కాగితాలన్నీ కొంగులో కట్టుకుని, కళ్ళు తేటపడ్డాక అతని చేతికిచ్చింది.

కార్తీకంలో నాగోల్ అవతల, మూసీ ఒడ్డున ఒక ప్రహరీ గోడ మీద పడ్డ తుమ్మ కొమ్మలు కొట్టే పని దొరికింది. పని అయి చెయ్యి కడుక్కుంటుంటే ఎదుట ఎండిన తాటి మొద్దు కనిపించింది. కొత్త కంటికి దాని మీది ప్రతి గీతా స్పష్టంగా ఉంది. సగం ఎత్తులో గుండ్రటి తొర్ర. కింద గడ్డి మీద పొట్టు, తెల్లగా, తాజాగా. జంగయ్య ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

రోడ్డు మీద మెడలో కెమెరా వేసుకున్న మనిషి బండి ఆపాడు. "పెద్దాయనా, ఇక్కడ పిట్టలు బాగా ఉంటాయంటారు. చెట్లెక్కేవారు కదా, వడ్రంగి పిట్ట గూడు ఎక్కడన్నా చూశారా?"

జంగయ్య గొడ్డలికి గోనెపట్టా చుట్టి, తాడు బిగించాడు.

"నాకు కండ్లు మంచిగ కానరావు సారూ" అన్నాడు.